ఒక ఫిడేలు వరుస పుట్టుక



‘హార్న్‌పైపు’ మొదట నృత్యము పేరు కాదు; కొమ్ము బిగించిన ఒక ఊదు వాద్యము పేరు. ఆ పేరే క్రమముగా వరుసకును, దానికి ఆడు నృత్యమునకును సంక్రమించెను. తొలుత మూడు మాత్రల తాళమున నడచిన ఈ వరుసలు 18వ శతాబ్ది ఉత్తరార్ధమున నాలుగు మాత్రల నడకకు మారెను.

స్కాట్లండు, ఐర్లండు ఫిడేలు విద్వాంసులు నేటికిని వాయించు ‘హై లెవెల్’ అను హార్న్‌పైపు కర్త తెలియని జానపదమని వినువారు తలంచుట సహజము. కాని దాని పుట్టుక పేరులోనే కలదు. ఇంగ్లండున టైను నదిపై న్యూకాసిలును, గేట్స్‌హెడ్డును కలుపుచు, పైన రైలు, క్రింద బండ్లు నడచునట్లు రాబర్టు స్టీఫెన్‌సన్ రూపొందించిన హై లెవెల్ వంతెనను 1849లో విక్టోరియా రాణి ప్రారంభించెను. ఆ వంతెన పేర ఈ వరుసను కట్టినవాడు ఆ నదీతీరపు ఫిడేలు విద్వాంసుడు జేమ్స్ హిల్.

బాలుస్వామి దీక్షితులు అభ్యసించి కర్ణాటక సంగీతమునకు తెచ్చిన వాద్యమును ఆ ఫిడేలే. మన త్యాగరాజస్వామి ముద్ర కృతి సాహిత్యమునందే నిలిచినది. మాటలు లేని వరుసలో ముద్రకు తావేది? వంతెన పేరు దేశకాలములను మాత్రమే తెలుపును. కర్త పేరు నిలుపు భారము వాయించువారిది, వినువారిది.