లేఆఫ్ రోజుల్లో బొగ్గుబాయి

2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చినప్పుడు కొత్తగూడెంలో ఎక్కడ విన్నా ఒకటే ప్రశ్న: మరి బొగ్గుబాయిల సంగతేంటి? కరెంటు ఆగకూడదు కాబట్టి ఓపెన్‌కాస్టులు నడిచాయి. భూగర్భ గనుల్లో మాత్రం మనిషికీ మనిషికీ ఎడం కుదరదు. అందుకే ఏప్రిల్‌లో సింగరేణి బొగ్గు సంస్థ వాటికి లేఆఫ్, అంటే తాత్కాలికంగా పని నిలిపివేత, ప్రకటించింది. చట్టం ప్రకారం లేఆఫ్‌లో చేతికొచ్చేది మూలవేతనం, కరువు భత్యంలో సగమే. పూర్తి జీతం ఇవ్వాల్సిందేనని కార్మిక సంఘాలు పట్టుబట్టాయి. న్యాయమైన మాటే, బాయి మూసింది కార్మికుడు కాదుగా!

అటు భద్రాచలంలో ఏప్రిల్ 2న రాములోరి కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. ఇక మిర్చి ఏరడానికి ఈ ప్రాంతానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ కూలీలు బస్సుల్లేక అడవిదారుల్లో కాలినడకన బయల్దేరారు. వాళ్లకు లేఆఫ్‌లో వచ్చే ఆ సగం జీతం కూడా లేదు.