మాటకు తోడు మాట
(భట్టిప్రోలులో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఇంగ్లీషు నేర్చుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంగ్లీషు మాస్టారిని కాను. తెలుగు మీడియంలో చదివి, 1974లో గుమాస్తాగా చేరి, 2009లో గుమాస్తాగానే దిగినవాణ్ణి. నోటు ఫైలు, కరెంటు ఫైలు, పర్సనల్ రిజిస్టరు, డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరు - నా బడి ఇదే. పై అధికారి ఎర్ర సిరాతో కొట్టివేసిన మాటలే నా పాఠాలు. కనుక పండితులు చెప్పేది కాక, ఒక గుమాస్తాకు కనిపించినది మాత్రమే మనవి చేస్తాను.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. అందుకే మనకు ఇది పండుగ. పెన్షన్ సర్కారు వారి దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఆ తీర్పు మనందరికీ తెలుసు. నేను చూపదలచింది అందులోని మాట సంగతి. మన గ్రాట్యుటీ ఉందే, ఆ మాటకు బయటి ఇంగ్లీషులో అర్థం హోటల్లో సర్వరుకు ఇచ్చే టిప్పు! సంతోషించి ఇచ్చేది. అదే మాట పెన్షన్ కాగితాల్లోకి వచ్చి, రూల్సు పక్కన కూర్చునేసరికి, లెక్క కట్టి తీరవలసిన సొమ్ము అయింది. మాట మారలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు మారారు. నేను చెప్పబోయేదంతా ఈ పక్కన కూర్చున్నవాళ్ళ గురించే.

ముందు ఒక జరిగిన సంగతి. ఊరు చెప్పను, ఆఫీసు చెప్పను, మన చుట్టుపక్కలదే అనుకోండి. ఒక రిటైరయిన అటెండరు కాలం చేశాడు. భార్యకు ఫ్యామిలీ పెన్షన్ శాంక్షన్ అయింది గానీ పాత బకాయిలు రాలేదు. కొడుకు ఇంటరు చదివిన కుర్రాడు. తెలుగులో రాస్తే చిన్నచూపు చూస్తారని, తల్లి పేరు మీద ఇంగ్లీషులో అర్జీ రాశాడు. తన భర్త పెన్షన్ అరియర్సును 'సరెండర్' చేస్తున్నానని రాశాడు. ఎందుకలా రాశాడు? వాళ్ళ నాన్న సర్వీసులో ఉండగా ఏటా "పదిహేను రోజుల లీవు సరెండర్ చేశాను, డబ్బులు వచ్చాయి" అనేవాడు. పండక్కి బట్టలు ఆ డబ్బుతోనే వచ్చేవి. కాబట్టి సరెండర్ అంటే డబ్బు ఇప్పించమని అడగడం అని ఆ కుర్రాడి మనసులో పడిపోయింది. అవతల సెక్షన్లో కూర్చున్నవాడు ఆ అర్జీ చదివి, పిటిషనరు బకాయిలు వదులుకుంటున్నది కనుక ఇక చర్య అవసరం లేదని నోటు పెట్టాడు. పైవారు సంతకం చేశారు. ఆ తల్లి అయిదు నెలలు తిరిగింది. ఇంట్లో బియ్యం అప్పు, మందుల అప్పు. ఎవరికీ లంచం కావాలని కాదు. ఎవరూ కావాలని చేసిందీ కాదు. ఆమెను పిలిచి "ఏమ్మా, నిజంగా వదులుకుంటున్నావా?" అని ఒక్క మాట అడిగితే ఆనాడే తేలిపోయేది. అది వేరే సంగతి.

మన సంఘం వాళ్ళం ముగ్గురం వెళ్ళాం. నేను అక్కడే బల్ల మీద తెలుగులో కొత్త అర్జీ రాశాను. 1966లో వచ్చిన అధికార భాషా చట్టం ఉండగా తెలుగు అర్జీని కాదనే హక్కు ఎవరికీ లేదని పిల్లలకు తెలియాలి. బకాయి వచ్చింది.

ఇంటికి వచ్చేటప్పుడు రేపల్లె ప్యాసింజరులో కూర్చుని ఆలోచించాను. ఆ కుర్రాడికి మాట తెలియదా? తెలుసు. డిక్షనరీ చూడలేదా? చూసే ఉంటాడు. తెలియనిదల్లా ఆ మాట ఎవరితో జతకడితే ఏమవుతుందన్నది. మన ఆఫీసుల్లోనే చూడండి. లీవు సరెండర్ చేస్తే డబ్బు వస్తుంది. పోస్టు సరెండర్ చేస్తే పోస్టు పోతుంది. మార్చి 31కి నిధులు సరెండర్ చేస్తే అవి వెనక్కి పోతాయి. దొంగ సరెండర్ అయితే జైలుకు పోతాడు. మాట ఒక్కటే, దారులు నాలుగు.

దీన్ని ఇంగ్లీషు వారు కొలొకేషన్ అంటారు. మనం జతమాటలు అనుకుందాం. ఇది ఇంగ్లీషుకే ఉన్న రోగం కాదు. మన తెలుగు చూడండి. ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది, భయం వేస్తుంది, సిగ్గు వేస్తుంది. కానీ కోపం వస్తుంది, జ్వరం వస్తుంది, నిద్ర వస్తుంది. "నాకు కోపం వేసింది" అని చూడండి, నాలుగేళ్ళ పిల్ల కూడా నవ్వుతుంది. దెబ్బలు తింటాం, చీవాట్లు తింటాం, కొందరు లంచాలు తింటారు. చుట్ట మాత్రం తాగుతాం. ఒట్టు వేస్తాం, పందెం కాస్తాం, కునుకు తీస్తాం. ఏ వ్యాకరణ సూత్రం ప్రకారం? ఏ బళ్ళో చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అమ్మ నోట జతగా విన్నాం, జతగానే పట్టుకున్నాం. ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి జత విడదీసి, ఒక్కొక్క మాటనూ విడిగా బట్టీపట్టాం. అక్కడే చిక్కంతా.

మా మనవరాలు మెల్‌బోర్న్‌లో చదువుతోంది. ఆమె గదిలో చైనా అమ్మాయి ఒకతె ఉంటుంది. వెళ్ళేముందు ఇద్దరూ ఐఇఎల్‌టిఎస్ పరీక్ష రాసి మంచి మార్కులే తెచ్చుకున్నారు. అయినా వ్యాసం రాస్తే టీచరు పచ్చ గీతలు గీసి, గ్రామరు సరిగ్గానే ఉంది గానీ ఇంగ్లీషులో ఇలా అనరు అని పక్కన రాస్తున్నదట. మనవరాలు ఫోనులో చెబితే నాకు ఉత్సాహం పుట్టి, ఆ చైనా అమ్మాయి తప్పులు కూడా చెప్పమన్నాను. ఆమె భాషలో వాన 'పెద్దది', టీ 'చిక్కటిది', లైటును 'తెరుస్తారు', మందును 'తింటారు'. ఇంగ్లీషులో వాన హెవీ, టీ స్ట్రాంగ్, లైటు స్విచ్ ఆన్, మందు టేక్. మనకూ వాన పెద్దదే! కాఫీ చిక్కటిదే! లైటు మాత్రం 'వేస్తాం', మందు 'వేసుకుంటాం'. వానకు బరువేమిటి, గాలికి మాత్రం బలమేమిటి అని అడిగితే ఇంగ్లీషువాడి దగ్గర కూడా జవాబు లేదు. హిమాలయాలకు అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ ఒకే గుంటలో కాలు వేస్తున్నారని తెలిసి నాకు కొంత ఓదార్పు కలిగింది. మా మనవరాలు 'హెడ్ బాత్' అంటే ఆ అమ్మాయికి అర్థం కాలేదట. తలంటు స్నానం తెలియనివాళ్ళకు ఆ మాట ఎలా తెలుస్తుంది?

ఈ విద్యకు పునాది పడింది కూడా ఆసియాలోనే. హెరాల్డ్ పామర్ అనే ఆయన టోక్యోలో ఉండి, జపాను విద్యార్థుల ఇబ్బంది చూసి, 1933లో ఇంగ్లీషు జతమాటల మీద ఒక నివేదిక వేశారు. ఆయనతో పనిచేసిన ఎ.ఎస్.హార్న్‌బీ 1942లో టోక్యోలోనే ఒక నిఘంటువు వెలువరించారు. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు వేశారు. మనలో చాలామంది ఇళ్ళలో ఉండే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అదే. ఇంగ్లండు పిల్లల కోసం పుట్టింది కాదు. మనలాంటి పరాయి భాషవాళ్ళ కోసం, మనలాంటివాళ్ళ మధ్య పుట్టింది. మాటను దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని బోధించిన ఫర్త్ అనే ఆచార్యుడు కూడా 1920లలో లాహోరులో పాఠాలు చెప్పినవాడే. మన వైపు హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసం ఒక కేంద్ర సంస్థే పెట్టారు. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. హిందూ పత్రికలో కె.సుబ్రహ్మణ్యం గారు, తర్వాత ఎస్.ఉపేంద్రన్ గారు నడిపిన శీర్షిక కోసం మా సెక్షన్లో పేపరు లాక్కునేవాళ్ళం. ఒకాయన వాటిని కత్తిరించి పాత స్టాక్ రిజిస్టరులో అంటించేవాడు. ఆడిట్‌వాళ్ళు వచ్చినప్పుడు దాచేవాడు.

ఇప్పుడు పిల్లల చేతుల్లో చూస్తున్నది పెద్ద మాటల జాబితాలు. రోజుకు యాభై మాటలు, ఎదురుగా ఒక్కొక్క అర్థం. నాకు వీటి మీద గురి లేదు. తగ్గించు అనే మాట తీసుకోండి. జాబితాలో నాలుగు ఇంగ్లీషు మాటలకు ఎదురుగా తగ్గించు అనే ఉంటుంది. కానీ ధరను రెడ్యూస్ చేస్తారు. నొప్పిని రిలీవ్ చేస్తారు, లేదా అలీవియేట్ చేస్తారు. నష్టాన్ని, ముప్పును మిటిగేట్ చేస్తారు. ఉరిశిక్షను యావజ్జీవంగా కమ్యూట్ చేస్తారు. మన పెన్షన్లో 40 శాతాన్ని కమ్యూట్ చేసుకున్నామే, ఆ మాట ఇదే. ఒక భారాన్ని ఇంకో రూపంలోకి మార్చుకోవడం. రోజూ రైల్లో తెనాలి పోయి వచ్చే ఉద్యోగి చేసేదీ కమ్యూటే. పదిహేనేళ్ళ తర్వాత మనకు పెన్షన్ 'రీస్టోర్' అవుతుంది. పోయిన కరెంటు రీస్టోర్ అవుతుంది, గొడవల తర్వాత శాంతి రీస్టోర్ అవుతుంది. పోయిన ఇంక్రిమెంటును కూడా రీస్టోర్ చేయమని అడగవచ్చు. ఇంక్రిమెంటు అన్నాను కనుక చెబుతున్నాను, 'విత్ క్యుములేటివ్ ఎఫెక్ట్' అనే మూడు మాటలు ఆ ఆర్డరు చివర ఉన్నాయా లేవా అన్నదాని మీద ఎందరి జీతాలు, ఆ తర్వాత ఎందరి పెన్షన్లు తేడా వచ్చాయో ఇక్కడ కూర్చున్నవారికి నేను చెప్పాలా?

కాబట్టి నా పద్ధతి ఇది. ఒక తెల్లకాగితాల నోటుబుక్కు. ఒక పేజీకి ఒకే నామవాచకం. ఉదాహరణకు కంప్లయింటు. దాని ముందు ఏ క్రియలు వస్తాయి? లాడ్జ్ చేస్తారు, ఫైల్ చేస్తారు, విత్‌డ్రా చేస్తారు, ఎంక్వయిరీ చేసేవాడు డిస్‌మిస్ చేస్తాడు. దానికి ఏ విశేషణాలు తగులుతాయి? సీరియస్, ఫార్మల్, ఫాల్స్, రిటన్. పేపరులో కనిపించినప్పుడల్లా ఆ పేజీలో కొత్తది చేర్చాలి. అర్థం రాయకూడదు, జత రాయాలి. ఇంకో పేజీ డెసిషన్. ఇంగ్లండువాళ్ళు కొందరు టేక్ అంటారు, అమెరికావాళ్ళు ఎక్కువగా మేక్ అంటారు. మనం రెండూ రాసుకోవాలి. రోజుకు రెండు పేజీలు తాకితే చాలు. అదే ఎడిటోరియల్‌ను వారం తర్వాత మళ్ళీ చదవాలి. మొదటిసారి విషయం కోసం, రెండోసారి జతల కోసం. బట్టీ వద్దా అంటే, వద్దనను. బట్టీ పట్టేదేదో జంటగా పట్టమంటాను. మనం నిత్యానుసంధానం చేసే శ్లోకాలు విడివిడి పదాలుగా నేర్చామా?

మన ఆఫీసు ఇంగ్లీషు గురించి పిల్లలు నవ్వుతారు. డూ ది నీడ్‌ఫుల్, ఫర్ కైండ్ పెరూజల్, ది అండర్‌సైన్డ్. నవ్వనివ్వండి. ఇవి కూడా జతమాటలే. ఈ జతలతోనే ఈ రాష్ట్రంలో రేషను కార్డులూ, పట్టాలూ, పెన్షన్లూ కదిలాయి. అయితే మనవడు విదేశీ కంపెనీకి ఉద్యోగం దరఖాస్తు రాస్తున్నప్పుడు తాతగారు పక్కన కూర్చుని ఇవే చెప్పించకూడదు. కాలేజీలో 'పాస్డ్ అవుట్' అని రాస్తే అమెరికావాడు కుర్రాడు మూర్ఛపోయాడనుకుంటాడు. చోటును బట్టి జత. ఫోనును మనం లిఫ్ట్ చేస్తాం, వాళ్ళు ఆన్సర్ చేస్తారు. మనలో మనం లిఫ్ట్ చేసుకుంటే వచ్చిన నష్టం లేదు.

ఇంగ్లీషు మీద ఇంత చెబుతున్నాడు, తెలుగు ఏం కావాలి అని ఇక్కడ ఒకరిద్దరు అనుకుంటూ ఉండవచ్చు. మన ఊరి స్తూపం దగ్గర 1892లో అలెగ్జాండర్ రే గారు తవ్వితే ధాతువుల పేటికలు దొరికాయి. వాటి మీది శాసనాలను బ్యూలర్ పండితుడు చదివాడు. అవి రెండు వేల ఏళ్ళకు పైబడినవి. ఆ భాష ప్రాకృతం, ఆ లిపి బ్రాహ్మి. కానీ అక్షరాలు రాసిన తీరు అశోకుడి శాసనాల్లో ఉన్నట్టు లేదు. హల్లు మీద అ కారానికి కూడా ఇక్కడివారు విడిగా ఒక గీత పెట్టుకున్నారు. అందుకే దాన్ని భట్టిప్రోలు లిపి అని ప్రత్యేకంగా పిలుస్తున్నారు. బయటి నుంచి వచ్చిన రాతను తమ పనికి అనువుగా సర్దుకున్నారన్నమాట. ఆ ఊరి వాళ్ళం మనం. తెలుగు జతలు గట్టిగా తెలిసినవాడికే ఇంగ్లీషు జత ఎక్కడ వేరో కనిపిస్తుందని నా అనుభవం. అందుకే మన క్లాసులో ముందు తెలుగులో అడిగి, తర్వాత ఇంగ్లీషుకు వెళదామంటున్నాను.

క్లాసు సంగతి చెప్పి ముగిస్తాను. సంక్రాంతి వెళ్ళిన తర్వాత ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పది దాకా మన సంఘం గదిలో కూర్చుందాం. ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఎవరైనా రావచ్చు. ఫీజు లేదు. అర్జీ రాయించుకోవలసిన తల్లులు కూడా అదే సమయానికి రండి, పిల్లల చేతే తెలుగులో రాయించి, అవసరమైతే ఇంగ్లీషులోకి మార్చి, ఇద్దరు పెద్దలం చూసి పంపుతాం. గోడకు కొట్టడానికి ఒక నల్లబల్ల కావాలి. పాత హార్న్‌బీ డిక్షనరీలు ఎవరి ఇంట అటక మీద ఉన్నా దించి ఇవ్వండి. అట్ట ఊడినా, చెదలు కొంత తిన్నా ఫర్వాలేదు, ఎస్ అక్షరం పేజీలు మాత్రం ఉండాలి. మొదటి ఆదివారం సరెండర్‌తోనే మొదలుపెడతాను.

సెలవు.