సూక్ష్మజీవుల కోటలో లోహముల లెక్క



కంటికి గోచరింపని సూక్ష్మజీవికిని ఆయవ్యయములు గలవు. దాని దేహమును చుట్టియున్న పలుచని కొవ్వుపొర కోటగోడ వంటిది. జింకు, రాగి, ఇనుము మున్నగు లోహముల అయానులు, అనగా విద్యుదావేశము గల పరమాణువులు, ఆ గోడను తమంత తాము దాటజాలవు. గోడయందు నాటుకొనియున్న ప్రోటీనులే వానికి ద్వారములు. జింకు బొత్తిగా లేకున్న జీవి బ్రతుకదు; మితిమీరినను బ్రతుకదు. కావున ఆ ద్వారపాలకుల కొలువు ప్రాణముతోడి కొలువు.

ఈ ద్వారములలో రెండు తెగలు ముఖ్యము. బుక్కపట్టణము చెరువునకు తూమెత్తినచో నీరు పల్లమునకు తానే పోవును. కొన్ని ప్రోటీను లట్టివి. బావినీరు మీదికి రావలెనన్న పూర్వము కపిలె కట్టవలసియుండెను, ఎద్దులకు మేత వేయవలసియుండెను. లోహము తక్కువగానున్న చోటినుండి ఎక్కువగానున్న చోటికి దానిని తోలునవి ఈ రెండవ తెగవి. వానిలో పెక్కింటికి మేత ఏ.టి.పి. అను పదార్థము. అది విరిగినపుడు ఫాస్ఫేటు విడివడును. దానిని కొలిచిన మేతఖర్చు తెలియును.

కొలుచుట యెట్లు? ఇచ్చటనే యొక తెలుగువాని పేరు వచ్చును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో గూడి, 1925లో ఒక పద్ధతిని ప్రకటించెను. ఫాస్ఫేటుగల ద్రావణమున ఆమ్లముతోడి మాలిబ్డేటును కలిపి, పిదప క్షయకరణిని చేర్చినచో నీలవర్ణము పుట్టును. ఫాస్ఫేటు ఎంతయో నీలిమయు నంత. 1929లో వారిరువురే కండరమునుండి ఏ.టి.పి.ని వేరుచేసిరి, జర్మనీయందు లోమన్ కూడ అదే యేట కనుగొనెను. మేత కంటె మేతను కొలుచు మానికయే ముందు పుట్టుట విశేషము! ఇంత చేసినవానికి హార్వర్డున స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు తరలిపోయెను, 1948లో గతించెను. డెన్మార్కు దేశీయుడగు స్కౌ, పీతనరముల పొరయందు సోడియము పొటాషియములను తోలు ప్రోటీనును 1957లో పసిగట్టినది విడివడు ఫాస్ఫేటును లెక్కించియే.

అయినను ఖర్చు చూచి రాబడి వ్రాయరాదు. ఎద్దులు మేత తిన్నంతమాత్రమున నీరు పైకి వచ్చినదని యెవరు చెప్పగలరు? తోలుబొక్కెనకు చిల్లి యుండవచ్చును. తోలబడిన లోహమును వేరుగా కొలువవలెను. 1997లో అమెరికాలో జరిగిన పని ఇందుకు చక్కని యుదాహరణము. మానవుని ప్రేగులలో నుండు ఎషెరిషియా కోలై యను జీవి, మితిమీరిన జింకును జింట్-ఏ యను ప్రోటీనుచే వెలికి నెట్టును. వెలికిపోయిన దానిని పట్టుట కష్టము. అందుచే పొరను చిదిపి, లోపలి ముఖము బయటికి వచ్చునట్లు చిన్నచిన్న తిత్తులు చేసిరి. వెలికి నెట్టెడు ప్రోటీను ఇప్పుడు తిత్తిలోనికే నెట్టును! రేడియోధార్మిక జింకు-65ను, ఏ.టి.పి.ని అందించి, కాలము చూచుకొని తిత్తులను వడకట్టి, అందు చిక్కిన జింకును లెక్కించిరి. ఏ.టి.పి. లేనిచో జింకు చేరలేదు. వెనేడేటు చేర్చినచో తోలుట ఆగిపోయెను. అప్పుడు గాని రాబడి పద్దు రూఢి కాలేదు.

నల్లమాడ చేలలోని వేరుసెనగ వేళ్ళ బుడిపెలయందును ఇట్టి జీవులు కాపురముండును. గాలిలోని నత్రజనిని పట్టు వాని ఎంజైమునకు ఇనుమును, మాలిబ్డినమును కావలెను. సుబ్బారావు నీలిరంగునకు ఆధారమైన లోహమే యది. అది లోనికి వచ్చు ద్వారమునకును మేత ఏ.టి.పి.యే.