పెద్దలలో పచ్చకామెర్లు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను కాను. సచివాలయమున దస్త్రములతో కాలము గడుపువాడను. అయినను రెండేండ్ల క్రిందట మా అన్నగారికి కలిగిన ఆపద నాచేత ఈ విషయమును చదివించినది. ఆయన కన్నులు పచ్చబడినంతనే ఊరిలో పసరు పోయించిరి. ముంజేతిపై వాత పెట్టించిరి. మూడు వారములు గడచినవి. ఒడలంతయు దురద, మలము తెల్లబడుట చూచి ఆసుపత్రికి కొనిపోగా, పిత్తనాళమున రాయి అడ్డుపడినదని తేలినది. దానిని తీసివేసిన పిమ్మట ఆయన కోలుకొనిరి. వాత మచ్చ మాత్రము నేటికిని ఉన్నది.

కామెర్లు రోగము కాదు, రోగలక్షణము. రక్తములోని ఎఱ్ఱకణములు సుమారు 120 దినములు జీవించి నశించును. అప్పుడు పుట్టు బిలిరుబిన్ అను పసుపు పదార్థమును కాలేయము గ్రహించి, పిత్తముతో ప్రేవులలోనికి పంపును. ఎఱ్ఱకణములు మితిమీరి నశించినను, కాలేయము చెడినను, పిత్తమార్గము మూసికొనినను ఆ పసుపు రక్తమున నిలిచిపోవును. కాలేయమును చెరచునవి అనేకములు: కలుషిత జలాహారముల వలన వచ్చు ఏ, ఇ వైరసులు; రక్తము, శుభ్రపరుపని సూదుల ద్వారా సంక్రమించు బి, సి వైరసులు; మద్యము; కొన్ని మందులు. పిత్తమార్గమును మూయునవి రాళ్ళు, ఒక్కొక్కప్పుడు క్లోమమునందలి పుండు గడ్డలు. ఇన్నిటికిని ఒకే పసరు ఎట్లు మందగును?

ఢిల్లీ వాసులము 1955-56 శీతకాలమును మరువరాదు. నజఫ్‌గఢ్ నాలా మురుగు యమునలో కలిసి, వజీరాబాదు నీటి కేంద్రమును చేరినది. క్లోరిను ఎక్కువగా కలిపినను వైరసు ఆగలేదు. సుమారు 29,000 మందికి కామెర్లు సోకినవి. అది హెపటైటిస్ ఇ అని పిమ్మటి పరిశోధకులు నిర్ణయించిరి. నెలలు నిండుచున్న గర్భిణులకు ఆ వ్యాధి మిక్కిలి ప్రాణాంతకము.

ఏ, ఇ రకముల వారిలో అధికులు విశ్రాంతితో కోలుకొందురు. కాని మతి తప్పుట, మితిమీరిన మగత, రక్తస్రావము, ఆగని వాంతులు, చలిజ్వరము, పొట్ట ఉబ్బుట కనిపించినచో ఒక్క పూటయు ఆలసింపరాదు. ఏ బాధయు లేకుండ పచ్చదనము హెచ్చుచున్నను ఉపేక్షింపరాదు. నీరు కాచి త్రాగుడు. బి వైరసునకు టీకా వేయించుకొనుడు.

కామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని సామెత. నిజమునకు ఆ పచ్చదనము తరచుగా మొదట కనబడునది ఇంటివారికే. కనుక రోగిని వైద్యుని కడకు చేర్చు బాధ్యతయు చూచినవారిదే.