ఆగి ఉన్న కారును గుద్దితే డబ్బు ఎవరిస్తారు?

శ్రీరామనవమికి ఖమ్మం నుంచి కార్లో భద్రాచలం వెళ్లారనుకోండి. కారు పక్కన ఆపి, కల్యాణం చూసి వచ్చేసరికి డోరు సొట్టపోయింది. తప్పు మీది కాదు. మరి రిపేరు డబ్బు ఎవరిస్తారు?

గుద్దిన బండి నంబరు దొరికితే, దాని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద క్లెయిమ్ చేయొచ్చు. ఫొటోలు తీసి, పోలీస్ కంప్లైంట్ ఇచ్చి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. టైం పడుతుంది.

నంబరు దొరక్కపోతే? హిట్ అండ్ రన్ పరిహారం ఉంది కదా అంటారు. అది మనుషులకే. చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. కారుకు రూపాయి కూడా రాదు. అప్పుడు మీ పాలసీలోని ఓన్ డ్యామేజే దిక్కు.

అసలు తిరకాసు ఇక్కడే. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకు థర్డ్ పార్టీ 3 ఏళ్లకు ఒకేసారి కట్టాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం చాలావరకు ఏడాదికే ఉంటుంది. మూడేళ్లు ఉందిలే అని రెన్యువల్ మర్చిపోతే, సొట్ట ఖర్చు మీ జేబులోంచే.

ఇంకోటి. భద్రాచలం దాటాక చింతూరు వైపు అడవి రోడ్డులో, రాత్రిపూట లైట్లు ఆర్పేసి కారు సగం రోడ్డు మీదే ఆపితే, ఆగి ఉన్నా తప్పులో మీకూ వాటా పడొచ్చు.

చిన్న గీతకి క్లెయిమ్ వేసే ముందు లెక్క చూసుకోండి, నో క్లెయిమ్ బోనస్ పోతుంది. పాలసీ మీ ఫోన్‌లోనే ఉంటుంది. ఓన్ డ్యామేజ్ గడువు తేదీ ఇప్పుడే చూడండి. ఉంటా మరి!