ఈ-బుక్ రీడర్లు రెండు: మన చదువు గదికి ఏది?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన స్టేషన్ ఘన్‌పూర్ సంఘం చదువు గదికి ఒక ఈ-బుక్ రీడర్ కొనాలనే మాట కార్యవర్గంలో వచ్చింది. ఏది కొంటే మేలో చూసి చెప్పమని ఆ పని మాకు అప్పగించారు. పరాయి దేశంలో ఉద్యోగాలు చేస్తున్న మన సభ్యుల కుమారులిద్దరు సెలవులకు వచ్చి, తమ యంత్రాలను నెలరోజులు మాకు వదిలిపెట్టారు. ఒకటి అమెజాన్ వారి మామూలు కిండిల్, రెండోది కోబో క్లారా బిడబ్ల్యూ. రెండూ 2024లో వచ్చిన రకాలే. ఇంట్లోనూ, కాజీపేట పోయే రైల్లోనూ వాటితో చదివి చూశాము.

ఇది సెల్‌ఫోను వంటిది కాదని ముందుగా మనవి. దీని తెర మీద నల్లని, తెల్లని సన్నటి రేణువులు విద్యుత్తుతో కదిలి అక్షరాలుగా నిలుస్తాయి. పేజీ తిప్పినప్పుడే కరెంటు ఖర్చు గనుక, ఒకసారి ఛార్జి పెడితే వారాల తరబడి వస్తుంది. ఎండలో కూడా కాగితం లాగే కనబడుతుంది. ఫోన్లు, మెసేజీలు వచ్చి చదువు చెడగొట్టవు.

ఇక పోలిక. రెండింటి తెర 6 అంగుళాలే, పుస్తకాలు దాచే చోటు 16 జీబీయే. కిండిల్ బరువు 158 గ్రాములు, కోబో 174. చేతికి ఆ తేడా తెలియదు. కోబో తెర వెలుగును రాత్రిపూట పసుపు రంగుకు మార్చుకోవచ్చు, ఈ కిండిల్‌లో ఆ వీలు లేదు. కోబో నీళ్ళలో పడినా తట్టుకునేలా చేసినది, ఈ కిండిల్ అలా కాదు. పదిమంది చేతులు మారే వస్తువు, పక్కనే చాయ్ గ్లాసు ఉండే గది మనది. ఇది చిన్న సంగతి కాదు.

కిండిల్ సుఖం ఏమిటంటే, పుస్తకం కొనడం చాలా తేలిక. కాని ఈపబ్ అనే రకం పుస్తకాన్ని తీగతో నేరుగా ఎక్కిస్తే అది చదవదు, ఇంటర్నెట్ ద్వారా పంపాలి. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని తీగతో ఎక్కించే సౌకర్యాన్ని కూడా 2025 ఫిబ్రవరి 26 నుంచి తీసేశారు. కోబోకి తీగ పెట్టి ఈపబ్ ఎక్కిస్తే చాలు. మన గదిలో ఇంటర్నెట్ ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండదు, కాబట్టి ఇందులో కోబోదే పైచేయి.

అసలు చిక్కు తెలుగు దగ్గర వచ్చింది. కిండిల్ దుకాణంలో 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు పెట్టారు. ఆ అయిదింటిలో మన తెలుగు లేదు. పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చాలానే దొరుకుతాయి గాని, అవి పేజీలకు తీసిన ఫోటోలు. చిన్న తెర మీద అక్షరం పెంచితే వరస పక్కకు జరుగుతుంది. ఒక పెద్దాయన చేతికి ఇస్తే కాసేపు చూసి, "బిడ్డా, అక్షరం చీమంత ఉన్నది, దీనికంటె నా పేపరే నయం" అన్నారు. ఉర్దూ పుస్తకాల ఫోటోలతోనూ ఇదే తిప్పలు. పెద్ద సైజు పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, బొమ్మలు, పట్టికలు కూడా రెండింటిలోనూ ఇబ్బందే. ఈ విషయంలో రెండూ ఒకటే.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఇంగ్లీషు చదువు అలవాటు చేసుకోవాలనుకునే మన ఆడపిల్లలకు, మగపిల్లలకు కోబో ఒకటి కొనవచ్చు. తెలియని మాట మీద వేలు పెట్టి ఉంచితే అర్థం చెబుతుంది, అడగడానికి సిగ్గుపడే పిల్లలకు అదొక అండ. కొనేముందు చెడిపోతే ఎవరు బాగుచేస్తారో, గ్యారంటీ మన దేశంలో చెల్లుతుందో అడిగి తెలుసుకోవాలి. కాని దానికోసం పేపర్లు, తెలుగు, ఉర్దూ పుస్తకాల కోసం పెట్టిన డబ్బు ముట్టుకోవద్దు. అలా ముట్టుకుంటే పిల్లలకు గది తెరిచి పెద్దలకు మూసినట్టు అవుతుంది. రెండింటికీ డబ్బు చాలకపోతే, యంత్రాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేద్దాము.

నిర్ణయం సభ్యులదే. యంత్రాలు నమ్మి ఇచ్చిన ఆ కుటుంబాలకు మా ధన్యవాదాలు.