పరదేశంలో మన ఫోను మెసేజీలు



పిల్లల దగ్గరికి అమెరికాకో ఆస్ట్రేలియాకో బయలుదేరేటప్పుడు సామాను సర్దుకోవడం మనకి ఒకరు నేర్పక్కర్లేదు. ఆవకాయ సీసా మూతకి టేపు ఎన్ని చుట్లు చుట్టాలో, కందిపొడి ఏ పెట్టెలో అడుగున పెట్టాలో పదిరోజుల ముందునుంచే ఆలోచిస్తాం. తీరా విమానం దిగాక అబ్బాయి మన ఫోను చేతిలోకి తీసుకుంటాడు. "అమ్మా, ఇండియా సిమ్ముతో ఇక్కడ పనిలేదు. రోమింగ్ ప్లాను లేకుండా ఉంచితే బిల్లు వేలల్లో వస్తుంది" అని దాన్ని ఊడదీసి, ఆ దేశపు సిమ్ము వేసి ఇస్తాడు. మనం ఆ గోరంత ముక్కని కాగితంలో చుట్టి పర్సులో పడేస్తాం. ఆర్నెల్లూ అది అక్కడే పడివుంటుంది. ఇవాళ ఆ గోరంత ముక్క గురించే మీతో నాలుగు మాటలు ముచ్చటిస్తాను.

ఇదివరకు చెక్కు మీద సంతకం చూసి బ్యాంకువారు డబ్బు ఇచ్చేవారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోనులోనే డబ్బు పంపుకుంటున్నాం కదా! ఆ పంపేది మనమే అని నమ్మకం కుదరడానికి బ్యాంకు మన నెంబరుకి ఒక మెసేజీలో అంకెలు పంపిస్తుంది. దాన్నే ఓటీపీ అంటున్నాం. ఒకవిధంగా అదే మన సంతకం. సిమ్ము తీసి పర్సులో వేయడమంటే సంతకం పెట్టే చెయ్యి ఇంట్లో వదిలి ప్రయాణం చేసినట్టే.

మా కాలనీలో ఒకావిడ పెద్దకూతురి పురుటికి డల్లాస్ వెళ్ళింది. అక్కడ ఉండగా విజయవాడలో ఆవిడ చెల్లెలికి ఉన్నట్టుండి ఆపరేషన్ అవసరమైంది. ఈవిడ ఖాతాలో సొంత డబ్బు వుంది, పంపాలని మనసూ వుంది. సిమ్ము వెతికి పాత ఫోనులో వేస్తే సిగ్నల్ వచ్చింది గాని మెసేజి రాలేదు. చివరికి అల్లుడి చేత పంపించారు. అల్లుడు మంచివాడే, మారు మాట్లాడకుండా పంపాడు. కాని తన డబ్బు తన చెల్లెలికి పంపడానికి అల్లుణ్ణి అడగవలసి వచ్చిందని ఆవిడ ఈనాటికీ బాధపడుతుంది. ఆ బాధ ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ మెసేజి రాకపోవడానికి కారణం చాలా చిన్నది. రోమింగ్ ప్లాను కొనడం వేరు, రోమింగ్ సౌకర్యం తెరిపించుకోవడం వేరు. ప్లాను అంటే ఇన్ని రోజులకి ఇన్ని రూపాయలని ముందుగా కట్టేది. సౌకర్యం అంటే, ఈ నెంబరు పరాయి దేశపు టవరు దగ్గర పనిచేయవచ్చని మన ఫోను కంపెనీ ఇచ్చే అనుమతి. ఈ అనుమతి చాలాసార్లు మనం అడిగితేగాని రాదు. బయలుదేరే ముందే కంపెనీ ఆప్‌లోగాని, వారి దుకాణానికి వెళ్ళిగాని తెరిపించుకోవాలి. మన దేశపు పెద్ద కంపెనీలు మామూలుగా విదేశంలో మనకి వచ్చే మెసేజీకి డబ్బు పుచ్చుకోవు. మీరు వెళ్ళే దేశానికి ఈ పద్ధతి వర్తిస్తుందో లేదో అదే దుకాణంలో అడిగితే సరిపోతుంది. డబ్బు ఖర్చయ్యేది మనం పంపే మెసేజీకి, ఎత్తి మాట్లాడిన కాల్‌కి, అన్నిటికంటే ఎక్కువగా ఇంటర్నెట్‌కి. కాబట్టి విమానం ఎక్కకముందే ఫోను సెట్టింగుల్లో "డేటా రోమింగ్" అన్నచోట ఆపేసి వుంచండి. ఇంటినుంచి కాల్ వస్తే ఎత్తకుండా వైఫైలో వాట్సాప్ ద్వారా తిరిగి పిలవండి. అబ్బాయి చెప్పిన వేల రూపాయల భయం ఈ రెండు పనులతో చాలావరకు తీరిపోతుంది.

"ఇంట్లో వైఫై వుందిగా, మెసేజి దాంట్లోంచి రాదా?" అని అడిగేవాళ్ళున్నారు. మామూలు మెసేజికి ఇంటర్నెట్‌తో నిమిత్తం లేదు. టవరు మన ఫోనుతో తన లోపలి కబుర్లు చెప్పుకునే దారి ఒకటి వుంటుంది. ఆ దారిలో మిగిలిన కాస్త సందులోంచి పంపే ఏర్పాటు ఇది. ఆ సందు చిన్నది గనుకే మెసేజీకి 160 అక్షరాలని హద్దు పెట్టారు. మొట్టమొదటి మెసేజి 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో వెళ్ళింది. అందులో వున్నది క్రిస్మస్ శుభాకాంక్షలు! ఈ 160 లెక్క ఇంగ్లీషు అక్షరాలకే సుమా. మన తెలుగులో రాస్తే హద్దు 70. అదీ మనం లెక్కపెట్టే తీరున కాదు. ఒత్తులూ గుణింతాలూ వేటికవే విడిగా లెక్క. "స్త్రీ" అని రాస్తే మన కంటికి ఒక్కటే అక్షరం, ఫోను లెక్కలో ఆరు! హద్దు దాటితే రెండో మెసేజి కింద కట్టి, దానికీ డబ్బు తీసుకుంటారు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాములు ఆగిపోయేదాకా మాటకింత అని లెక్కగట్టేవారు కదా, విదేశంనుంచి మామూలు మెసేజి పంపేటప్పుడు ఆ పొదుపే మళ్ళీ గుర్తు చేసుకోవాలి. వాట్సాప్‌లో అయితే ఈ గొడవ లేదు, తీరిగ్గా ఉత్తరమంత రాసుకోవచ్చు.

వాట్సాప్ అంటే ఇంకోటి. సిమ్ము మార్చాక "మీ నెంబరు మార్చమంటారా?" అని అది అడిగితే తొందరపడి అవునని నొక్కకండి. చాలాసార్లు మన పాత నెంబరుతోనే వైఫైలో నడుస్తుంది. కాని కొత్త ఫోనులో వాట్సాప్ పెట్టుకోవాలంటే మాత్రం దాని కోడ్ మళ్ళీ మన ఇండియా నెంబరుకే వస్తుంది.

కొత్త ఫోను అన్నాను గనుక చెబుతున్నాను, పిల్లలు ముచ్చటపడి అక్కడ ఐఫోను కొనిపెడతారు. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14కీ, 2022 తర్వాత వచ్చిన పైరకాలకీ సిమ్ కార్డు పెట్టే అరే వుండదు. అంతా లోపలే. అందుచేత ఇండియా సిమ్మున్న పాత ఫోనుని ఛార్జింగ్ పెట్టి ఒక మూల బతికించి వుంచండి. పాతదంటే మరీ పాత బొత్తాల ఫోను పనికిరాదు. 2022లో అమెరికా పెద్ద కంపెనీలు 3జీ కూడా మూసేశాయి, అలాంటివి అక్కడ సిగ్నల్ పట్టకపోవచ్చు. రెండు సిమ్ములు పట్టే ఫోను వుంటే హాయి. ఒకదాంట్లో మనది మెసేజీలకి, రెండోదాంట్లో వాళ్ళది మిగతావాటికి.

బ్యాంకు సంగతి సరే, గ్యాసు సంగతి చాలామందికి తట్టదు. సిలిండరు తెచ్చిన అబ్బాయికి కోడ్ చెప్పాలి కదా, కనెక్షన్ మన నెంబరుమీద వుంటే ఆ కోడ్ మనకే వస్తుంది. హైదరాబాదులో పగలు పదకొండుకి సిలిండరబ్బాయి గుమ్మంలో నిలబడితే, వేసవిలో న్యూయార్కులో రాత్రి ఒంటిగంటన్నర. గాఢనిద్రలో వున్న మనల్ని లేపలేక మావారు పక్కింటి కాఫీ తాగవలసి వస్తుంది! ప్రయాణానికి ముందే గ్యాసు ఏజెన్సీలో ఇంట్లో వుండేవారి నెంబరు ఇచ్చి రండి. అలాగని మొత్తం సిమ్మే ఆయన దగ్గర వదిలి వెళ్ళడం నాకు నచ్చదు. కొందరు అలాగే చేస్తారు, ఓటీపీ ఫోనులో చదివించుకుంటారు. ఆ అంకెలు పనిచేసేది కొద్ది నిమిషాలే. ఆయన నిద్ర, మన నిద్ర ఒకటి కాదు. పైగా ఎవరికీ చెప్పకూడదన్న అంకెలు రోజూ చెప్పించుకోవడం అలవాటైతే, రేపు ఎవడో బ్యాంకు మేనేజరునని చెప్పి అడిగినా నోరు దానంతటదే చెప్పేస్తుంది.

రీఛార్జి గడువు మరవకండి. ఆర్నెల్లు వుండి వచ్చేసరికి గడువు దాటి, మెసేజీలు ఆగి, చివరికి నెంబరే పోవచ్చు. పోయిన నెంబరుని 90 రోజులపాటు మరొకరికి ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టుకి ట్రాయ్ సంస్థ చెప్పింది. అంటే ఆ తర్వాత ఇవ్వవచ్చు. బ్యాంకులో మన నెంబరు మార్చుకోకపోతే, మన ఖాతా మెసేజీలు ఆ కొత్త మనిషి ఫోనులో మోగుతాయి. రీఛార్జి ఇక్కడివారు ఎవరైనా చేయవచ్చు. ఎక్కువరోజుల గడువున్నది ఒకేసారి చేయించుకుని, అయిపోయే తేదీ వంటింటి క్యాలెండరులో చుట్టి, ఇంట్లోవారికి చూపించి రండి.

ఇక ఆపద వస్తే పిలిచే నెంబర్లు. కార్డు పోయిందనుకోండి, 1800తో మొదలయ్యే ఉచిత నెంబర్లు మామూలుగా విదేశాలనుంచి కలవవు. విదేశాల్లో వున్న ఖాతాదార్ల కోసం బ్యాంకులు వేరే నెంబరు ఇస్తాయి, దాని ముందు ప్లస్ 91 వుంటుంది. దాన్ని ఫోనులోనే కాక, చిన్న కాగితం మీద రాసి పాస్‌పోర్టు అట్టలో పెట్టుకోండి. కొన్ని బ్యాంకులు ఓటీపీని ఈ-మెయిలుకి కూడా పంపుతాయి. మీ బ్యాంకులో ఆ వీలుందో లేదో అడిగి, వుంటే రాయించుకోండి. ఒకసారి పది రూపాయలు ఎవరికైనా పంపి చూసుకోండి, అదీ విమానాశ్రయంలో కాదు, వారం ముందు.